ఓడల నవలలు, విశాఖ రేవు

పాట్రిక్ ఓబ్రియన్ రాసిన ఆబ్రీ–మాట్యురిన్ నవలలు నెపోలియన్ యుద్ధాల నాటి బ్రిటిష్ నౌకాదళం కథలు. మొదటి నవల ‘మాస్టర్ అండ్ కమాండర్’ 1969లో, ఇరవయ్యోది 1999లో వెలువడ్డాయి. కెప్టెన్ జాక్ ఆబ్రీకి గాలివాటం, తెరచాపలు కొట్టిన పిండి. ఓడ వైద్యుడు స్టీఫెన్ మాట్యురిన్‌కు అవేమీ తెలియవు. మొదటి నవలలో ఆయన్ను తెరచాప కొయ్య ఎక్కించి తాళ్ల పేర్లు, వాటి పనులు వివరిస్తారు. డాక్టరుతో పాటే పాఠకుడూ ఓడ గురించి నేర్చుకుంటాడు.

ఈ కథల్లో వచ్చే ఫ్రెంచి అడ్మిరల్ లినోవా కల్పిత పాత్ర కాదు. 1804 సెప్టెంబరు 15న మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నం మీదికి వచ్చింది ఆయనే. ‘ప్రిన్సెస్ షార్లెట్’ అనే వర్తక నౌకను పట్టుకుపోయాడు. కాపలాగా ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక ‘సెంచూరియన్’ మాత్రం బాగా దెబ్బతిన్నా లొంగలేదు.

విశాఖ ఉన్న తీరంలోనే, గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి ఆ రోజుల్లో ఓడలు కట్టే రేవు.

ఆబ్రీ–మాట్యురిన్ నవలల్లో ఒకదాని కథ తర్వాతి దానిలోకి సాగుతుంది కనుక, వీటిని మొదటి పుస్తకం నుంచి వరసగా చదవడం మేలు.