జాడ తెలియని కూతుండ్ర కొరకు



ప్రొద్దు గ్రుంకిన పిదప ఇంటి ఆడపిల్ల రావలసిన వేళకు రాకున్నచో ఆ ఇంటిలో ఏమి జరుగునో మనకందరకును తెలియును. మొదట తల్లి వీధి వాకిటికి వచ్చి నిలుచును. పిమ్మట తండ్రి చెప్పులు తొడిగికొని ఆమె స్నేహితురాండ్ర ఇండ్లకు పోయి విచారించును. అర్ధరాత్రి కాగానే ఇరువురును పోలీసు ఠాణాకు పోవుదురు. అచ్చటి ఉద్యోగి కాగితము తీసికొని ఆనవాళ్ళు వ్రాసికొనునో, లేక "ఎక్కడికో పోయి యుండును, తానే వచ్చును, రేపు రండు" అని పంపివేయునో, ఆ ఒక్క విషయముమీద ఒక ప్రాణము ఆధారపడి యుండవచ్చును. ఈ దినమున మేము చెప్పదలచినది ఆ రెండవ సమాధానమునే ఏండ్ల తరబడి విన్న కుటుంబములను గూర్చి. విని ఊరకుండక, నడచి, లెక్కించి, నదిని గాలించి, తుదకు తమ దేశముచేత సమాధానము చెప్పించుకొన్న తల్లులను, అక్కచెల్లెండ్రను గూర్చి. వారు కెనడా దేశపు మూలవాసి స్త్రీలు.

కెనడా యనగానే మనకు మంచు, గోధుమ పొలములు, మన బిడ్డలు చదువులకును ఉద్యోగములకును పోవుచున్న సంపన్నమైన నగరములు స్ఫురించును. ఐరోపా వారు రాకమునుపే ఆ నేలమీద నివసించిన క్రీ, ఒజిబ్వే మొదలగు జాతులవారును, ఉత్తరపు మంచు సీమల ఇనూయిట్లును, మిశ్ర సంతతివారగు మేటీలును కలిసి నేడు ఆ దేశ జనాభాలో నూటికి ఐదుగురు మాత్రమే. 1876 నాటి ఇండియన్ చట్టముతో వారిలో పలువురి బ్రదుకు ప్రభుత్వోద్యోగుల అదుపులోనికి పోయినది. పిల్లలను తల్లిదండ్రుల యొద్దనుండి తీసికొనిపోయి వసతి బడులలో నుంచిరి. ఆ బడులలో కడపటివి 1990వ దశకమున గాని మూతపడలేదు. మూలవాసి స్త్రీ పరజాతివానిని పెండ్లియాడినచో తన జాతి హక్కులను కోల్పోవునను నియమము 1985 వరకు అమలులో నుండెను. ఇట్లు ఇంటికిని ఊరికిని దూరమైన స్త్రీలు పలువురు నగరములు చేరిరి. అండలేనివారు ఎచ్చట నుందురో దుర్మార్గుడు ఎరుగును. వారు కనబడకపోయినచో వెదకువారు తక్కువ యనియు ఎరుగును.

ఒక ఉదాహరణము చెప్పెదము. మానిటోబా రాష్ట్రమున ది పా అను చిన్న పట్టణము కలదు. ఉపాధ్యాయురాలు కావలెనను కోరికతో అచ్చట చదువుకొనుచుండిన 19 ఏండ్ల క్రీ యువతిని 1971 నవంబరులో నలుగురు తెల్లజాతి యువకులు రాత్రివేళ బలవంతముగా కారెక్కించుకొని పోయిరి. మరునాడు ఆమె శవము దొరకినది. హంతకులెవరో పట్టణమున పలువురకు తెలియును. అయినను ఏండ్ల తరబడి ఎవరును నోరు మెదపలేదు. న్యాయస్థానమున శిక్ష పడుటకు 16 ఏండ్లు పట్టినది. 1987లో పడిన ఆ శిక్షయైనను నలుగురిలో ఒక్కనికి మాత్రమే. ఆమె మూలవాసి కాకున్నచో ఆ హత్య జరిగియుండెడిది కాదని 1991లో విచారణ సంఘము స్పష్టముగా వ్రాసినది.

ఇట్టి హత్య లెన్ని? మాయమైనవా రెందరు? చిరకాలము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారే లేకపోయిరి. లెక్కయే లేని నష్టమునకు న్యాయమడుగుట ఎట్లు? కావున ఆ స్త్రీలు మొదట లెక్క వ్రాయుటకు పూనుకొనిరి. కెనడా మూలవాసి స్త్రీల సంఘమువారు 2005లో ప్రారంభించిన పరిశోధన 2010 నాటికి 582 మంది వివరములను సేకరించినది. ఆ యేడే దానికి ప్రభుత్వ ధనసహాయము ఆగిపోయినది. అయినను ఒకసారి కాగితముమీదికి ఎక్కిన పేర్లను తుడిచివేయుట ఎవరితరము? 2014లో కెనడా జాతీయ పోలీసు దళమువారు తమ లెక్కను తామే ప్రకటింపవలసి వచ్చెను. 1980 మొదలు 2012 వరకు హత్యకు గురియైన మూలవాసి స్త్రీలు 1,017 మంది, జాడ తెలియనివారు మరి 164 మంది, వెరసి 1,181. స్త్రీల జనాభాలో నూటికి నలుగురైన వారు, హత్యకు గురియైన స్త్రీలలో మాత్రము నూటికి పదునారుగురు. తల్లులు చెప్పుచు వచ్చిన లెక్క అతిశయోక్తి కాదనియు, చాల తక్కువ యనియు ఆనాడు లోకమునకు తెలిసినది.

ఇక రెండవది, ఒక రహదారి కథ. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున ప్రిన్స్ జార్జి నుండి సముద్రతీరపు ప్రిన్స్ రూపర్టు వరకు పోవు 16వ నంబరు రహదారి పొడవు సుమారు 720 కిలోమీటర్లు. ఇరువైపుల అడవి, కొండలు; నడుమ నడుమ మూలవాసుల చిన్న పల్లెలు. ఆసుపత్రికి పోవలెనన్నను, పనికి పోవలెనన్నను, సొంత బండి లేనివారు దారిప్రక్కన నిలువబడి, వచ్చిపోవు వాహనములను చేయెత్తి ఆపి ఎక్కవలసినదే. అట్లు ఎక్కిన బాలికలలో కొందరు తిరిగి రాలేదు. ఆ దారికి ప్రజలు పెట్టిన పేరు కన్నీటి బాట. ఆ ప్రాంతపు రహదారులపై 1969 మొదలు 2006 వరకు జరిగిన వానిలో 18 కేసులను పోలీసులు ప్రత్యేకముగా పరిశోధించిరి; అచ్చటి కుటుంబములవారు చెప్పు సంఖ్య నలుబదికి పైబడినది.

2006 మార్చిలో ఆ కుటుంబములవారు ప్రిన్స్ రూపర్టు నుండి ప్రిన్స్ జార్జి వరకు ఆ దారి పొడవునను నడిచిరి. నడక ముగిసిన చోట పెద్ద సభ జరిగి, ఆ సభ 33 సిఫారసులను చేసినది. వానిలో ముఖ్యమైనది ఏదియో వినినచో మనకు ఆశ్చర్యము కలుగును. ఊరినుండి ఊరికి బస్సు నడుపుడని! పగ కాదు, పరిహారము కాదు. పేదపిల్ల చీకటిలో పరాయివాని కారెక్కనక్కరలేకుండ ఒక బస్సు. ఆ చిన్న కోరిక తీరుటకు పదునొకండేండ్లు పట్టినది. 2017లో గాని ఆ ఊళ్ళనడుమ ప్రభుత్వ బస్సులు తిరుగలేదు. టెలిఫోను సంకేతములు అందని దూరములలో గోపురములు కట్టింతుమను ప్రకటన 2021లో వెలువడినది. న్యాయమనగా దోషిని శిక్షించుట మాత్రమే కాదనియు, మరియొక బిడ్డ ఆ దారిన పోకుండ కాచుటయు న్యాయమే యనియు ఆ తల్లులు ప్రభుత్వమునకు నేర్పిరి.

అదే రాష్ట్రమున వాంకూవరు నగరమున పేదలుండు తూర్పుపేట కలదు. 1992 మొదలుకొని ఏటేట ఫిబ్రవరి 14వ తేదీన అచ్చటి స్త్రీలు డోలు వాయించుచు వీధులలో నడచి, చనిపోయినవారు కడపట కనబడిన చోట్ల ఆగి, గులాబీలనుంచి పోవుచుందురు. ఆ పేటలో స్త్రీలు ఒక్కొక్కరే మాయమగుచున్నారని వారు ఎంత మొరపెట్టుకొన్నను పోలీసులు చెవినిడలేదు. 2002లో నగరమునకు వెలుపల ఒక పందుల పెంపకపు క్షేత్రమును సోదా చేయగా, 33 మంది స్త్రీల ఆనవాళ్ళు బయల్పడినవి. 2007లో ఆ క్షేత్రపు యజమానికి ఆరు హత్యలకు శిక్ష పడినది. పోలీసులు ఎందుకు ఆలసించిరని విచారించుటకు నియమితుడైనవాడు పంజాబీ కుటుంబమున పుట్టిన న్యాయమూర్తి వాలీ ఒప్పల్. మాయమైన స్త్రీలు పేదలును, వీధిపాలైనవారును అగుటచేతనే వారి విషయమున అలక్ష్యము జరిగెనని ఆయన 2012 నాటి తన నివేదికలో తేల్చెను.

మూడవది విన్నిపెగ్ నగరపు కథ. 2014 ఆగస్టులో ఆ నగరమునందలి రెడ్ నదిలో 15 ఏండ్ల మూలవాసి బాలిక శవము దొరకినది. ఈ నదిలో ఇంకెందరున్నారో యను ప్రశ్న అందరకును కలిగినది. చెల్లెలి జాడ 2008 నుండి తెలియక దుఃఖించుచున్న బెర్నడెట్ స్మిత్ మరికొందరితో కూడి, చిన్న పడవలలో కొక్కెములు కట్టి నది అడుగును గాలింప మొదలిడెను. అది పోలీసులు చేయవలసిన పని. చేసినవారు అక్కలు, అన్నలు. ఆమెయే తరువాత శాసనసభ్యురాలై, 2023లో మానిటోబా మంత్రివర్గమున చేరెను.

2022లో ఆ నగరముననే ఒక హంతకుడు పట్టుబడెను. అతడు చంపిన నలుగురు మూలవాసి స్త్రీలలో ఇద్దరి శరీరములు ప్రైరీ గ్రీన్ అను చెత్తదిబ్బలో పూడి యున్నవని పోలీసులే చెప్పిరి. చెప్పి, వెదకుట సాధ్యము కాదనియు చెప్పిరి. హతురాలి కుమార్తె రాజధానియగు ఒట్టావాకు పోయి, తల్లిని చెత్తలో వదలివేయుట న్యాయమా యని పార్లమెంటు ముందు నిలిచి అడిగినది. నిపుణులు పరిశీలించి, వెదకవచ్చును గాని మూడేండ్ల వరకు పట్టవచ్చుననియు, 18 కోట్ల 40 లక్షల డాలర్ల వరకు కావచ్చుననియు చెప్పిరి. విషపదార్థములు పనివారికి ప్రమాదకరమని నాటి రాష్ట్ర ప్రభుత్వము 2023 జూలైలో నిరాకరించినది. అంతట కుటుంబములవారు దారులకు అడ్డముగా కూర్చుండిరి. గుడారములు వేసికొని నిలిచిరి. ఆ యేటి ఎన్నికలలో, వెదకబోమను మాటనే ప్రచార ఫలకములపై వ్రాయించుకొన్న పక్షము ఓడిపోయినది. గెలిచిన పక్షమునుండి, కెనడా మూలజాతులనుండి రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన మొదటివాడు వాబ్ కిన్యూ ఆ పదవి నధిష్ఠించెను.

2024 జూలైలో హంతకునిపై నాలుగు హత్యలును రుజువైనవి. యావజ్జీవ శిక్ష పడినది. డిసెంబరులో చెత్తదిబ్బలో వెదకుట మొదలైనది. 2025 ఫిబ్రవరిలో అవశేషములు దొరకినవి. మార్చిలో అవి ఆ ఇద్దరు స్త్రీలవే యని నిర్ధారణమైనది. ఏండ్లు పట్టునన్న పని మూడు నెలలలో ఫలించినది. పేరైనను తెలియని నాలుగవ స్త్రీకి పెద్దలు తమ భాషలో ఒక గౌరవనామము పెట్టి, ఆమెను తమ బిడ్డగా తలచుకొనుచుండిరి. ఆమె అసలు పేరును ఆ మార్చిలోనే తెలిసినది.

ఈ పోరాటములన్నిటి ఫలముగా 2016లో ఆరంభమైన జాతీయ విచారణ సంఘము, న్యాయమూర్తి మేరియన్ బుల్లర్ అధ్యక్షతన దేశమంతట తిరిగి, కుటుంబముల గోడు ఆలకించి, 2019 జూన్ 3న నివేదిక నిచ్చినది. అందలి కర్తవ్యములు 231. వానిని సిఫారసులనక, న్యాయమునకై పిలుపులని పేర్కొనిరి. సిఫారసును అలమరలో నుంచవచ్చును. పిలుపునకు బదులు చెప్పవలసి యుండును. ఆ పిలుపులలో పెక్కింటికి బదులు ఇంకను రాలేదని కుటుంబములవారి ఆక్షేపణ. కావుననే మే 5వ తేదీన ఎర్రని గౌనులు చెట్లకొమ్మలకు వ్రేలాడుచు కనబడును. జేమీ బ్లాక్ అను మేటీ చిత్రకారిణి 2010లో ఆరంభించిన ఆచారమిది. గాలికి ఊగు ఆ ఖాళీ గౌను, దానిని తొడగవలసిన పిల్ల ఏదీ యని దారినపోవువారిని అడుగును.

శ్రోతలారా, దూరదేశపు కథ యని దీనిని మేము చెప్పలేదు. ఆ తల్లులకు జరిగిన మొదటి అన్యాయము హంతకునిచేత జరిగినది. రెండవది ఠాణాలోను, పత్రికలోను, ఇరుగుపొరుగువారి నోటను జరిగినది. ఆ పిల్ల ఎట్టిది, ఎవరితో తిరిగెడిది, ఆ వేళ అచ్చట ఏల యుండెను అను ప్రశ్నలు ముందు వచ్చినవి. ఆమె ఎక్కడ నున్నది అను ప్రశ్న వెనుక వచ్చినది. ఆ వరుసను మార్చుట ప్రభుత్వములు మాత్రమే చేయదగిన పని కాదు. మన వీధిలో ఒక తల్లి తన కుమార్తె ఇంటికి రాలేదని ఏడ్చుచు వచ్చిన రాత్రి, ఆ పిల్ల గుణగణముల ప్రసక్తి తేక, తలుపు వేసికొని ఆమె వెంట ఠాణాకు నడచి, ఫిర్యాదు వ్రాసికొనువరకు ఆమె ప్రక్కన నిలుచుట మనలో ఎవరికైనను సాధ్యమే. కన్నీటి బాటపై నడిచినవారును మొదట చేసినది అంతే. ఒకరికి తోడుగా మరియొకరు బయలుదేరిరి.

సెలవు.