దెయ్యాల హోటలు, మరిచిన పేర్లు
(వార్షిక సభలో కార్యదర్శి ప్రసంగం)



రిపోర్టు చదివే ముందు మేము మీకొక హోటలు కథ చెప్పదలిచాము. దెయ్యాల కథే. కానీ చివరికది మన గేటు దగ్గరికే వస్తుంది.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా, బిస్బీ అనే రాగి గనుల ఊరుంది. ఒకప్పుడు అక్కడి పెద్ద యజమాని ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ. 1902లో ఆ కంపెనీ కాపర్ క్వీన్ అనే హోటలు తెరిచింది. కాపర్ క్వీన్ అంటే రాగి రాణి. అది గని పేరే. గనిలోకి దిగేవాడు వేరు, హోటల్లో దిగేవాడు వేరు. పెట్టుబడిదారుల కోసం, పెద్ద అధికారుల కోసం కట్టిన హోటలది.

1975లో కంపెనీ అక్కడ గనుల పని ఆపేసింది. హోటలు మాత్రం నిలిచింది, దెయ్యాలతో పేరు తెచ్చుకుంది. ప్రేమించినవాడు కాదంటే ప్రాణం తీసుకున్న జూలియా అనే ఆమె మూడో అంతస్తులో తిరుగుతుందంటారు. నదిలో మునిగిపోయిన బిల్లీ అనే పిల్లవాడు సామాన్లు కదుపుతాడంటారు. నల్ల అంగీ, పొడుగు టోపీ పెట్టిన పెద్దమనిషి వస్తే చుట్ట వాసన వస్తుందట. ఇవి చూడ్డానికే డబ్బిచ్చి గది తీసుకునేవాళ్లున్నారు.

ఇక ఆ ఊళ్లో నిజంగా జరిగింది వినండి. 1917 జూన్ చివరలో గని కార్మికులు సమ్మె చేశారు. కూలి పెంచమన్నారు, ప్రమాదాలు తగ్గించమన్నారు, వివక్ష వద్దన్నారు. జూలై 12 తెల్లవారుజామున షెరీఫ్ హ్యారీ వీలర్ వెంట దాదాపు 2,000 మంది తుపాకులతో ఇళ్లమీద పడ్డారు. సుమారు 1,200 మందిని పశువుల్ని తోలినట్టు 23 రైలు పెట్టెల్లోకి ఎక్కించి, పక్క రాష్ట్రమైన న్యూ మెక్సికో ఎడారిలో దింపి పోయారు. వారిలో మెక్సికో నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చినవారు చాలామంది. అధ్యక్షుడు విల్సన్ వేసిన కమిషన్ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. 1920లో సుప్రీం కోర్టు ఇది కేంద్ర చట్టం కిందికి రాదంది. ఒక్కరికీ శిక్ష పడలేదు.

మేము చదివిన హోటలు కథల్లో ఆ 1,200 మందిలో ఒక్కడూ లేడు. నూరేళ్లకు, 2017లో, ఊరి జనమే ఆ ఘటనను వీధుల్లో నటించి చూపారు. 2018లో అది సినిమాగా వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. మేము మిల్లులో చేరిన కొత్తలో, మూడో పాళీలో కార్డింగ్ ఖాతాకు ఒంటరిగా పోవద్దనేవారు. తెల్ల బనీను మనిషి తిరుగుతాడట. మేమూ భయపడ్డాం. ఎన్నాళ్లకో ఒక ముసలి జాబర్ అసలు మాట చెప్పాడు. బెల్టుకు అడ్డు జాలీ లేక, చెయ్యి లాక్కుపోయి ఒక కార్మికుడు అక్కడే చనిపోయాడు. భార్య పరిహారం కోసం గేటు చుట్టూ తిరిగి తిరిగి, చంకన బిడ్డతో ఊరికి వెళ్లిపోయింది. "ఆయన పేరేమిటి తాతా?" అని అడిగాం. ఆయనకు గుర్తులేదు. దెయ్యం అందరికీ తెలుసు, మనిషి పేరు ఎవరికీ తెలియదు.

బిస్బీ హోటల్లో దెయ్యాన్ని చూసినవాళ్లు రాయడానికి ఒక పుస్తకం పెట్టారు. మన ఆఫీసులోనూ నేటి నుంచి ఒక పుస్తకం పెడుతున్నాం. మిల్లులో పోయినవాళ్ల పేరు, సొంతూరు, ఖాతా, సంవత్సరం, పరిహారం వచ్చిందా లేదా, అన్నీ రాయించండి. రాయడం రానివారు చెప్పండి, మేము రాస్తాం. ఇళ్లలో పెద్దవాళ్లుంటే వెంటబెట్టుకు రండి. వాళ్లు పోతే పేర్లూ పోతాయి.

మొదటి పేజీ ఖాళీగా వదిలాం. అది తెల్ల బనీను మనిషిది. ఆయన పేరు తెలిసినవారు ఈ సభలో ఉంటే, దయచేసి లేచి చెప్పండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!