మేం మార్చిన బొమ్మ



ఈ తెర మీద మీకు పన్నెండు బొమ్మలు చూపిస్తాం. వాటిలో చివరిదాన్ని ఎందుకు మార్చామో కూడా చెప్తాం.

మేడ్చల్, శామీర్‌పేట నడుమ ఒక గుట్ట పక్క చెలకలో గుండ్రంగా పేర్చిన రాళ్లున్నాయి. మేకలు కాసేవాళ్లు వాటి మీద కూర్చుంటారు. ఊళ్లో అడిగితే 'రాకాసి గూళ్లు' అన్నారు. మేం నలుగురం పోయి లెక్కపెడితే నాలుగు లెక్కలొచ్చాయి. కొన్ని రాళ్లు సగం మట్టిలో కూరుకుపోయాయి మరి! అప్పుడు టేపుతో కొలిచి, కాగితం మీద గీసి, ఒక్కో రాయికి ఒక్కో నంబరు ఇచ్చుకున్నాం. రాయి మీద మాత్రం సుద్దగీత కూడా పెట్టలేదు. ఫొటోలు పొద్దున్నే తీశాం. ఎండ ఏటవాలుగా పడితేనే పూడిన రాళ్ల అంచులు తెలుస్తాయి.

తర్వాత పుస్తకాలు చదివాం. ఇలాంటివి ఇనుప యుగం నాటి సమాధులు. మన దక్కన్‌లో చాలావరకు 2,000 నుంచి 3,000 ఏళ్ల కిందటివి. చుట్టూ గుండ్లు, మధ్యలో రాళ్ల కుప్ప, దాని కింద గ్రానైట్ పలకలతో కట్టిన పెట్టె. అందులో ఎముకలు, ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. మన జిల్లాలోని మౌలాలిలో నిజాం కాలంలోనే తవ్వారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆచార్య కె.పి. రావు గారు తవ్వించారు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో సుమారు 40 టన్నుల కప్పురాయి బయటపడింది. క్రేన్లు లేని రోజుల్లో దాన్ని అక్కడికి చేర్చాలంటే ఊరంతా ఒక్కటి కావాలి.

ఇక చివరి బొమ్మ. దాని కింద మొదట 'ఇవి మా ముత్తాతల సమాధులు' అని రాశాం. రాసినప్పుడు ఛాతీ ఉప్పొంగింది. తండాలో ఒక పెద్దాయనకు చూపిస్తే, "ఎట్ల తెలుసు బిడ్డా? ఎముకలతోని మాట్లాడినవా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ మాట తీసేశాం. రుజువు లేని గొప్ప చెప్పుకుంటే, రేపు రుజువున్న మాట చెప్పినా ఎవరూ నమ్మరు.

దాని బదులు తెలిసినదే రాశాం. పోయినవాళ్ల పేరిట రాయి నిలపడం కోయల్లో, గోండుల్లో, గదబల్లో, సవరల్లో ఉన్న ఆచారం. ఆ సమాధి ఎవరిదైనా, అక్కడ ఎవరో తమవాళ్లను సాగనంపి ఏడ్చారు. దాన్ని కాపాడడానికి చుట్టరికం రుజువు కానక్కర్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఊరి చుట్టూ ప్లాట్లు పడుతున్నాయి, గుట్టలు కంకరవుతున్నాయి. గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్లూ ఉన్నారు. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచే చట్టముంది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. మన చెలకలోని రాళ్లకు అంత పేరు రాకపోవచ్చు. వాటికి మీరే దిక్కు.

ఎక్కడ ఇలాంటి వలయం కనబడ్డా ఫొటో తీయండి, చోటు రాసుకోండి, రాయి కదపకండి. పంచాయతీకి, వారసత్వ శాఖకు కాగితం పెట్టండి. ఇంటి పెద్దలను అడిగి వాళ్లు చెప్పిన పేర్లు, కథలు రాసి పెట్టండి.

ఇక దీపాలు ఆర్పండి. మొదటి బొమ్మ చూద్దాం.