దర్పణములో తరుగు గాజు

గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున విశాఖపట్నములో సొంత వ్యయముతో వేధశాలను నెలకొల్పినారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను విశాఖ నుండి పరిశీలించినారు. ఆ స్తోమతు జమీందారులది. శ్రీకాకుళములోనో విజయనగరములోనో ఉన్న విద్యార్థి మాత్రము గాజుబిళ్లను తన చేతులతో అరగదీసి, పుటాకార దర్పణముతో దూరదర్శినిని చేసుకొనవచ్చును. పనికి దిగుటకు ముందు ఒక లెక్క చూచుకొనవలె. ఎంత గాజు పోవలసియున్నది?

వ్యాసము 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరము 1200 అనుకొందము. వ్యాసార్ధము 75. దాని వర్గము 5625ను నాభ్యంతరమునకు నాలుగు రెట్లయిన 4800తో భాగించినచో గుంట లోతు 1.17 మిల్లీమీటర్లు. ఇంతేనా అనిపించును! అంతే వెడల్పు, లోతు గల స్తూపములో ఇంచుమించు సగము గుంట ఘనపరిమాణము. అనగా 10.4 ఘన సెంటీమీటర్లు, రెండు టీ చెంచాల పాటి. తూకమునకు 26 గ్రాములు. పాత లెక్కలో రెండు తులాల పైమాట.

ఇక్కడనే పొరపాటు జరుగును. దర్పణమును మరియొక గాజుబిళ్లపై, నడుమ కార్బొరండం పొడియు నీరును వేసి రుద్దుదురు. పైబిళ్ల మధ్య గుంటపడుచుండగా, క్రిందిబిళ్ల అంచులు అరిగి నడుమ ఉబ్బును. ఆ అంచులలో పోవు గాజు కూడ దాదాపు 10.4 ఘన సెంటీమీటర్లే. పొడి కొనునపుడు రెండింటిని కలిపి లెక్కింపనిచో సగము పనిలో పొడి నిండుకొనును. అది మన సంతలలో దొరకు సరుకు కాదు.

అదే నాభ్యంతరముతో వ్యాసము 200 చేసినచో? లోతు 2.08 మిల్లీమీటర్లు, దర్పణములో తరుగు గాజు 32.7 ఘన సెంటీమీటర్లు. వ్యాసము మూడవ వంతు పెరిగెను. తీయవలసిన గాజు మూడు రెట్లు దాటెను. వ్యాసము నాలుగవ ఘాతము చొప్పున అది పెరుగుటయే కారణము. మొదటి దర్పణమునకు ఆరంగుళములే చాలునని నా అభిప్రాయము.

అంగుళము మందపు బిళ్ల కిలోకు కొంచెము పైగా తూగును. ముందు తూచి ఉంచుకొని, 26 గ్రాములు తగ్గువేళకు ఉక్కు స్కేలును అడ్డముగా నిలిపి, మధ్య సందులో సన్నని రేకులు పేర్చి లోతు చూడవలె. అంచు పెచ్చులూడినచో తూకము మోసగించును. చిట్టచివర గోళాకారమును పరవలయాకారముగా దిద్దునపుడు పోవు గాజు పొర మిల్లీమీటరులో వేయవ వంతు కూడ ఉండదు. దానిని కనిపెట్టుటకు త్రాసు పనికిరాదు. చీకటిగదిలో ఒక దీపమును, ఒక బ్లేడు అంచును పెట్టుకొని ఫూకో చూపిన పరీక్ష చేయవలసినదే.