చన్నీటి సరస్సు, కొండబాట



2020 మార్చి 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ ప్రకటించారు. రెండు దినాల అనంతరం భారతదేశంలోనూ అది అమలులోకి వచ్చింది. అప్పుడు నేను ఉత్తర ఇంగ్లండులోని సరస్సుల సీమలో, కెజిక్ అనే చిన్న పట్టణంలో ఒంటరిగా ఉన్నాను. మా అమ్మగారు రాజమహేంద్రవరంలో మంచం పట్టి ఉన్నారు. అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయాయి.

వ్యాయామం కొరకు దినానికి ఒకమారు వెలుపలికి పోవడానికి అనుమతి ఉండేది. కొండలెక్కవద్దని పర్వత సహాయక దళాలవారు ప్రజలను కోరారు. ఒకరు కాలు జారితే, వారిని మోసుకురావడానికి అనేకులు వ్యాధిభయాన్ని లెక్కచేయక రావలసి ఉంటుంది గదా! అందుచేత డెర్వెంట్ సరస్సు తీరపు బాటతోనే తృప్తిపడ్డాను. నడక వల్ల బెంగ తీరలేదు గాని, రాత్రులు నిద్ర పట్టసాగింది.

మే 13 నుండి ఇంగ్లండులో ఆంక్షలు కొంత సడలాయి. ఆ నెలాఖరున ఒకనాటి వేకువన, అమ్మగారు పోయారన్న కబురు ఫోనులో వచ్చింది. అంత్యక్రియలను చేతిలోని చిన్న తెరపైనే చూశాను. మన ఇండ్లలో చావుకబురు విన్నవారు స్నానం చేస్తారు. ఇంటి కుళాయి క్రింద నిలబడడానికి మనసొప్పక సరస్సుకు బయలుదేరాను.

పొరుగున ఉండే ఒక వృద్ధురాలు ఆ నీటిలో ఏళ్ళ తరబడి ఈదినవారు. ఆమె తోడు వచ్చి, రెండు మీటర్ల ఎడంగా నిలిచి, "దూకకండి. మెల్లగా దిగి, ముందు ఊపిరి నిదానంగా వదలండి" అన్నారు.

ఆమె మాటకు శాస్త్రాధారం ఉన్నది. 15 డిగ్రీల కంటే చల్లనైన నీటిలో హఠాత్తుగా పడితే మనిషి అప్రయత్నంగా గభాలున ఊపిరి పీలుస్తాడు. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆ క్షణంలో ముఖం నీట మునిగితే గజ ఈతగాడికైనా ప్రమాదమే. కొద్ది నిమిషాలకు ఊపిరి కుదుటపడుతుంది. ఒడ్డుకు చేరిన తరువాత కూడా కొంతసేపు దేహపు వేడి తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి ఇట్టి నీటిలో ఎవరూ ఒంటరిగా దిగరాదు. హృద్రోగులు వైద్యుని సలహా లేక అసలే దిగరాదు.

ఊపిరి నిలకడైన పిమ్మట మూడు మునకలు వేశాను. అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు. ఆమె ఒక్క మాటా అనక, తువ్వాలును రాతిపై ఉంచి వెనుకకు జరిగారు.

ఆ వేసవి అంతా ఉదయం ఆ నీటిలో ఈదాను. సెలవు దినాలలో 451 మీటర్ల క్యాట్‌బెల్స్ కొండ ఎక్కాను.

మిత్రులారా! ఆ నెలలలోనే మన రహదారులపై వలస కూలీలు బిడ్డలను చంకనెత్తుకొని వందల కిలోమీటర్లు నడిచారు. వారి నడకను తలచినప్పుడు, నాకు దొరికిన ఓదార్పు ఎంతటి భాగ్యమో తెలిసింది. ఆ ఏప్రిల్‌లోనే గాలి తేటపడి, జలంధర్ నివాసులకు తమ డాబాలపై నుండి ధౌలాధార్ మంచుకొండలు కనిపించాయి. అన్నాళ్ళూ వాటిని కప్పివేసినది మన పొగయే.

దుఃఖితుడు ఏ ప్రాంతంవాడైనా, అతనికి దిగడానికి ఒక శుభ్రమైన రేవు, నడవడానికి ఒక బాట, ఒడ్డున తోడుగా ఒక మనిషి ఉండాలి. రేవును, బాటను కాపాడడం సమాజం పని. తోడు నిలవడం మాత్రం మీలో ప్రతి ఒక్కరికీ నేడే సాధ్యం.