ఇంట కట్టిన విమానము – తుప్పు



మన బాలబాలికలు అట్టతో చేసిన విమానములను చూచి, ఒక తండ్రిగారు నన్నిట్లు ప్రశ్నించిరి: “అయ్యా, నిజముగా ఎగురు విమానమును ఎవరైనను ఇంటివద్ద కట్టుకొందురా?” కట్టుకొందురు. అమెరికాలో అది చట్టసమ్మతమైన వ్యాసంగము. అట్టివారి కొరకై 1953లో పాల్ పొబెరెజ్నీ మిల్వాకీ ప్రాంతమున ఒక సంఘమును స్థాపించెను. పనిలో సగముకంటె అధికభాగము ఔత్సాహికులే స్వయముగా చేసియుండవలెనని అచ్చటి నియమము. పలువురు కారు షెడ్డులో, తీరిక వేళలందు, ఏండ్ల తరబడి శ్రమింతురు. ఆ ఏండ్లలో తుప్పు కూడ తన పని తాను చేయుచునే యుండును. కట్టినవాడే అందు ఎక్కి ఎగురును. ప్రక్క ఆసనమున భార్యయో బిడ్డయో కూర్చుండవచ్చును.

పెక్కు విమానముల అస్థిపంజరము 4130 అను ఉక్కు గొట్టములతో అతుకబడును. అందు క్రోమియము కలదని విని తుప్పుపట్టని ఉక్కని భ్రమపడరాదు. ఉన్నది నూటికి ఒక పాలు మాత్రమే. ఇసుకను వేగముగా కొట్టి శుభ్రపరచిన గొట్టమును వట్టి చేతితో ముట్టరాదు, చెమటలోని ఉప్పే చాలును. ఆనాడే మొదటి పూత వేయవలెను. ఇక గొట్టము లోపలి భాగము మాటేమి? చిన్న రంధ్రము ద్వారా కాచిన అవిసె నూనె పోసి, చట్రమును అటునిటు త్రిప్పి, మిగిలిన నూనెను వంచి, రంధ్రమును మూసివేయుదురు. కంటికి కానరాని చోటికి ఇంత శ్రద్ధ చూపుట నాకు మిక్కిలి నచ్చినది.

అల్యూమినియపు కథ వేరు. ఇత్తడి పాత్రకు కళాయి వేయించుట మన తల్లులకు తెలిసినదే గదా. బలమైన మిశ్రలోహపు రేకునకు రెండు వైపుల శుద్ధ అల్యూమినియపు పలుచని పొరను అట్లే అంటింతురు; ఆ పొర తాను క్షయించి లోపలి లోహమును కాపాడును. దానిపై గీతలు గీయుటకు సీసపు పెన్సిలు పనికిరాదు. పెన్సిలులోని గ్రాఫైటు తేమ తగిలినచో అల్యూమినియమును తినివేయించును. రెండు భిన్న లోహములు తడిలో కలిసినచో ఒకటి బలియగును. అందువలననే ఉక్కు బోల్టులకు కాడ్మియపు పూత యుండును.

అతుకుల నడుమ చేరు నీరు మరింత ప్రమాదకరము. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులపై ఒక బోయింగ్ 737 ప్రయాణ విమానపు పైకప్పు ఆకాశముననే ఊడిపోయెను. ఒక పరిచారిక మరణించెను. రేకుల అతుకులలోని క్షయము, లోహపు అలసట అందుకు కారణములని విచారణలో తేలినది. కావున రేకులను రివెట్లతో బిగించుటకు పూర్వమే లోపలి ముఖములకు పూత పూయుట మేలు. పూత బరువును పెంచునని కొందరు దానిని మానుదురు. సముద్రతీరమున నివసించువారు అట్లు మానుట సాహసమని నా అభిప్రాయము.

ఆకుపచ్చ కలిసిన పసుపు వన్నె జింకు క్రోమేటు పూత లోహమునకు మంచి రక్ష. అయితే అందలి క్రోమియము ఊపిరితిత్తులకు క్యాన్సరు కలిగించునదని రుజువైనది. పిల్లలు తిరుగు ఇంటి షెడ్డులో దానిని పిచికారీ చేయుట, గీకి ధూళి రేపుట ఎంతమాత్రము తగదు. క్రోమేటు లేని ఎపాక్సీ పూతలు లభించుచున్నవి. వానికిని ముసుగు, గాలి వసతి అవసరమే.

మన ప్రయోగశాల కిటికీ చెంత ఉప్పునీటి సీసాలు మూడు ఉంచితిమి. ఒకదానిలో వట్టి ఇనుప మేకు, ఒకదానిలో రాగితీగ చుట్టిన మేకు, మూడవదానిలో జింకు రేకు చుట్టిన మేకు ఉన్నవి. పోవునపుడు మీ బిడ్డలను వెంటబెట్టుకొని చూచి పొండు. ఏ మేకు ముందుగా ఎఱ్ఱబారినదో వారే మీకు చెప్పగలరు.