నిదానమే ప్రధానము: పాతకారు వెనుక కమానులు

వైద్యశాస్త్రములో రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. లోకవ్యవహారములో నిదానమనగా తొందరపడకుండుట. ఈ రెండర్థములును ఒకే మాటలో ఇమిడియుండుట ఎంత ఉచితమో, గత సంవత్సరము ఇంగ్లండులో మా మేనల్లుని యింట రెండు వారములున్నప్పుడు మాకు బాగుగా తెలిసివచ్చినది.

అతని వద్ద 1967లో తయారైన ఎం.జి.బి. కారు ఒకటి ఉన్నది. ఇద్దరు కూర్చుండదగిన స్పోర్ట్సు కారు. 1962 మొదలు 1980 వరకు ఆబింగ్డన్ పట్టణములో ఈ జాతి కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. మా వాని కారు వెనుకభాగమున 'టక్కు'మని ఒక చప్పుడు వచ్చుచుండెను. ఒక గ్యారేజివారు షాక్ అబ్సార్బర్లు మార్చవలెనన్నారు. మార్పించినాడు. డబ్బు పోయినది; చప్పుడు పోలేదు. ఇక కమానులు మార్చవలెనని వారే మరల చెప్పినారట.

"ఏమందురు, మామయ్యా?" అని అడిగినాడు.

"తొందరపడకు, నాయనా. ముందు చూతము" అన్నాము.

ఈ కారు వెనుక ఏర్పాటు శ్రోతలకు కొత్తది కాదు. మన జట్కాబండ్లకును లారీలకును ఉండునట్టి కమానులే దీనికిని ఉన్నవి. ఉక్కుబద్దలను దొంతరగా పేర్చిన కట్ట ఒక్కొక్క వైపున ఒక్కటి. కట్ట నడుమ ఇరుసునకు యు-బోల్టులతో బిగింపు. ముందుకొన కారు ఒడలికి నేరుగా తగిలించబడి యుండును. వెనుకకొన మాత్రము ఊగెడు చిన్న బందునుండి వ్రేలాడును. బరువు పడినప్పుడు కమాను సాగుటకు ఆ ఊపు అవసరము. కొనలందు రబ్బరు బుష్షులు ఉండును. షాక్ అబ్సార్బరు నూనెతో నిండిన చిన్న పెట్టె. దాని చేయి ఇరుసుతోపాటు కదలుచు ఊపును అణచును. కమాను బరువును మోయుటయే కాక, ఇరుసును దాని చోట నిలుపునది కూడ.

మొదట మేమడిగిన ప్రశ్న ఒక్కటే: చప్పుడు ఎప్పుడు వచ్చును? గతుకులలో వచ్చినచో బుష్షులను, తెగిన పట్టీలను, షాక్ అబ్సార్బరు లంకెను అనుమానింపవలెను. బయలుదేరునప్పుడును, యాక్సిలరేటరు వదలినప్పుడును వచ్చినచో ఇంజను బలము నడచు త్రోవలో వదులున్నదని గ్రహింపవలెను. మా వాని కారులో చప్పుడు రెండవ జాతికి చెందినది.

అయినను వరుస తప్పలేదు. కారును చదునైన నేలపై నిలిపి, టైర్లలో గాలి సరిచూచి, చక్రమధ్యమునుండి పైఅంచు వరకు రెండు వైపుల కొలిచినాము. కుడివైపు అర అంగుళము తక్కువ. పాతకార్ల రేకులు మరమ్మతులో అటునిటు కావచ్చును గనుక, ఇరుసునుండి పైనున్న రబ్బరుదిమ్మ పీఠము వరకు గూడ కొలిచినాము. అదే భేదము. అనగా ఆ కమాను కొంచెము క్రుంగినది. ఇంగ్లండులో డ్రైవరు కూర్చుండునది కుడివైపుననే. బద్దలేవియు విరుగలేదు. క్రుంగిన కమాను వంకర చూపును గాని, 'టక్కు'మనదు.

తరువాత వెనుకమూలను గట్టిగా అణచి వదలినాము. ఒక్కసారి లేచి నిలిచినది. రెండు మూడు మారులు ఊగినచో షాక్ అబ్సార్బరు నీరసించినదని అర్థము. యు-బోల్టులు బిగువుగానే ఉన్నవి.

ఇక చక్రములు. అవి సైకిలు చక్రములవలె తీగచువ్వలు గలవి. హబ్బుమీది పండ్లలో కూర్చుండి తిరుగును. ముందుచక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, కారును ఎత్తి, స్టాండ్లపై నిలిపినాము. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రింద దూరుట ప్రాణముతో జూదమాడుటయే. అతడు బ్రేకు త్రొక్కి యుంచగా మేము చక్రమును అటునిటు త్రిప్పిచూచినాము. బ్రేకు డ్రమ్ము కదలలేదు, చక్రము కదలినది. 'టక్కు'! పండ్లు అరిగినవి. ఇన్నాళ్ల చప్పుడు అదే.

అంతటితో లేచిపోయియుందుమేమో. కాని వరుసలో ఇంకొకటి మిగిలినది. కమాను ముందుకొన తగిలించిన చోటును సుత్తితో మెల్లగా తట్టినాము. ఎడమవైపు ఖంగుమన్నది. కుడివైపు మొద్దుగా పలికినది. స్క్రూడ్రైవరు మొన మోపగా లోనికి దిగిపోయినది. చలికాలమున అక్కడి రోడ్లపై చల్లెడు ఉప్పు ఆ రేకును తినివేసినది. ఈ కారునకు వేరే చట్రము లేదు, ఒడలే చట్రము. ఆ కొన ఊడినచో ఇరుసు ఒకవైపు జారును. కారు తనంతట తానే మలగును.

మా వాడు చాలసేపు మాటాడలేదు. ముందు ఆదివారమే భార్యను కూర్చుండబెట్టుకొని నూరు మైళ్లు పోయి వచ్చినాడట.

ఆనాటినుండి కారు కదలలేదు. తుప్పు పట్టిన భాగమును కోసి, కొత్తరేకు వెల్డింగు చేయించి, తరువాతనే రెండు కమానులను జతగా మార్పించినాడు. బుష్షుల బోల్టులను కారు బరువు చక్రములపై నిలిచిన పిమ్మటనే బిగింపుమని మేము వ్రాసితిమి. వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు మెలిపడి త్వరగా చెడును. అరిగిన హబ్బులను, చక్రములను కలిపి మార్చినాడు. కొత్తచక్రమును పాతపండ్లు తినివేయును గదా.

చప్పుడు చేసిన దోషము చిన్నది. చప్పుడు చేయనిది పెద్దది. వినబడినదానిని వెదకబోయి వరుసగా చూచినందుననే వినబడనిది దొరకినది. మీ యింట ఉన్నది జీపు కానిండు, లారీ కానిండు, వస్తువు కొనుటకు ముందు కారణమును కనుగొనుడు. నిదానమునకు పట్టెడు కాలము ఒక్క పూట మాత్రమే.